లియోనార్డ్ సెప్పాలా

ఉత్తర అమెరికా ఖండమునకు వాయవ్యపు మూలను అలాస్కా యను విశాలమైన భూభాగము కలదు. అమెరికా సంయుక్త రాష్ట్రములవారు దానిని 1867వ సంవత్సరమున రష్యా ప్రభుత్వము నుండి కొనిరి. దాని ఉత్తరభాగమున శీతకాలము మిక్కిలి దీర్ఘము. అప్పుడు నదులు గడ్డకట్టును. తీరమున సముద్రము సయితము గడ్డకట్టి రాతినేలవలె నగును. అట్టి దారులలో ఎద్దును, గుఱ్ఱమును దూరము పోజాలవు. విమానములు రాకపూర్వము అచటి జనులకు దిక్కు కుక్కలే. ఉత్తరములు, ఆహారపదార్థములు, గనులలో తీసిన బంగారము, రోగులు, వైద్యులు, అన్నియు, అందఱును కుక్కలు లాగు బండ్లమీదనే పోవలసియుండెడిది. చక్రములు లేక మంచుమీద జాఱుచు పోవు ఆ బండ్లకు స్లెడ్జి బండ్లని పేరు. వానిని తోలుట ఆ దేశమున గౌరవము గల వృత్తి. ఆ వృత్తిలో అగ్రగణ్యుడని పేరొందినవాడు లియోనార్డ్ సెప్పాలా.

సెప్పాలా 1877వ సంవత్సరము సెప్టెంబరు 14వ తేదీన నార్వే దేశపు ఉత్తరభాగమున జన్మించెను. తండ్రి కమ్మరి, చేపలు పట్టుటయు అతని జీవనములో నొక భాగము. బాలుడు చిన్ననాటనే కొలిమి యొద్ద సమ్మెట పట్టెను. శీతకాలము వచ్చినచో తండ్రితో పడవనెక్కి ఉత్తర సముద్రమున వలలు వేసెడివాడు. చలియు, చీకటియు, శ్రమయు అతనికి పుట్టుకతో వచ్చిన చుట్టములు. పెరిగిన పిమ్మట అతడును కమ్మరి యయ్యెను.

1898వ సంవత్సరమున అలాస్కాలోని నోమ్ అను చోట బంగారము బయల్పడెను. దానిని కనుగొన్న ముగ్గురిలో జాఫెట్ లిండెబెర్గ్ అను నార్వే యువకు డొకడు. అతడు సెప్పాలాకు స్నేహితుడు. అతని ప్రోత్సాహముతో సెప్పాలా 1900వ సంవత్సరమున సముద్రము దాటి నోమ్ చేరి, అతని గనుల కంపెనీలో పనికి కుదిరెను. బంగారముకొఱకు వచ్చినవారు వేలకొలది, ధనికులైనవారు కొలదిమంది. సెప్పాలాకు దొరకిన నిధి వేఱు. మొదటి శీతకాలముననే కంపెనీవారు అతనికి ఒక కుక్కల బండిని అప్పగించిరి. నాటినుండి అతని జీవితము కుక్కలతో ముడిపడిపోయెను.

ఈ వృత్తిలోని కష్టము తెలిసిననే గాని అతని ప్రజ్ఞ తెలియదు. మన ఎడ్లబండి తోలువానికి పగ్గములున్నవి, ముల్లుకఱ్ఱ కలదు. స్లెడ్జి బండికి పగ్గములు లేవు. పొడవైన త్రాటికి ఇరుప్రక్కల కుక్కలను జంటలు జంటలుగా పూన్చుదురు. అన్నిటికంటె ముందు నడుచు కుక్క నాయకుడు. బండివెనుక నిలిచినవాడు జీ యనిన కుడికిని, హా యనిన ఎడమకును అది తిరుగును. దాని వెంట మిగిలిన కుక్కలన్నియు తిరుగును. తోలువానికిని దానికిని నడుమ నున్నది కంఠధ్వని యొక్కటియే. మంచుతుపానులో తోలువానికి తన చేయి తనకు కానరానప్పుడు నాయకుడగు కుక్క పాదముల స్పర్శతోను, వాసనతోను దారి కనుగొనవలెను. ముందున్న మంచు పలుచనిదని దానికి తోచినచో యజమాని ఆజ్ఞను కూడ మీఱి నిలిచిపోవలెను. ఎప్పుడు ఆజ్ఞాపింపవలెనో, ఎప్పుడు కుక్క మాట తాను వినవలెనో తెలిసినవాడే నేర్పరి.

సాయంకాలము మజిలీ చేరిన పిమ్మట తోలువాడు తాను కూర్చుండుటకు వీలులేదు. ప్రతి కుక్క పాదమును చేతిలోనికి తీసికొని వ్రేళ్ళ నడుమ గట్టిపడిన మంచును తీసివేయవలెను. చీలిన పాదములకు తోలుతోనో గుడ్డతోనో కుట్టిన జోళ్ళు తొడుగవలెను. ఎండుచేపలు పెట్టవలెను. కుక్కలు తిన్న పిమ్మటనే తాను తినుట ఈ పనిలో మొదటి నియమము. సెప్పాలా అయిదడుగుల నాలుగంగుళముల మనిషి. అంత పొట్టివాడు ఇరువది కుక్కలను ఒక్క కేకతో నిలుపుట చూచి చూపరులు ఆశ్చర్యపడెడివారు. వేసవిలో మంచు కరగినపుడు సయితము అతడు వానిని ఊరక యుండనీయలేదు. రైలుపట్టాలమీద చిన్న బండి నుంచి, దానిని కుక్కలచే లాగించెడివాడు.

1913వ సంవత్సర ప్రాంతమున అతనికి సైబీరియా దేశపు కుక్కపిల్లలు కొన్ని దొరికెను. దక్షిణధ్రువమును మొదట చేరిన రోల్డ్ అమండ్సెన్ ఉత్తరధ్రువ యాత్రకు పోదలచియుండెను. అతనికి కానుకగా ఇచ్చుటకై లిండెబెర్గ్ వానిని తెప్పించి, పెంచి తీర్చుటకు సెప్పాలా చేతికిచ్చెను. ఆ యాత్ర జరుగలేదు. కుక్కలు సెప్పాలాకే మిగిలెను. సైబీరియాలోని చుక్చీ జాతివారు తరతరములుగ పెంచిన ఈ కుక్కలు చిన్నవి, తేలికయైనవి. అలాస్కాలో అప్పుడు వాడుకలోనున్న పెద్ద కుక్కలప్రక్క అవి పిల్లులవలె కనబడుటచే జనులు నవ్విరి. సెప్పాలా నవ్వలేదు. తక్కువ తిండితో ఎక్కువ దూరము అలయక పరుగెత్తు గుణము వానియందు కలదని అతడు గ్రహించెను.

ఆ కాలమున నోమ్ నుండి కాండిల్ అను ఊరికి పోయి తిరిగివచ్చు 408 మైళ్ళ పందెము ప్రతి సంవత్సరము జరుగుచుండెను. 1914వ సంవత్సరమున సెప్పాలా ఆ పిన్న కుక్కలతో పందెమున దిగెను. అది తొందరపాటు. మంచుతుపానులో దారి తప్పి, బండి ఒక కొండచఱియ అంచువఱకు పోయెను. మిక్కిలి ప్రయాసతో వెనుకకు త్రిప్పుకొని చూడగా కుక్కల పాదములనుండి నెత్తురు కాఱుచుండెను. అతడు పందెము మానుకొని మరలిపోయెను. ఓటమి అతనిని అంతగా బాధింపలేదు. తనను నమ్మి పరుగెత్తిన మూగజీవములను తన అనుభవలోపముచే గాయపఱచితినను సిగ్గు బాధించెను. సంవత్సరము పొడవునను అతడు వానికి ఓపికతో సాధన చేయించెను. 1915, 1916, 1917 సంవత్సరములలో వరుసగా మూడుసార్లు ఆ పందెమును గెలిచెను. పిల్లులని నవ్వినవారే ఆ జాతి కుక్కలకొఱకు వెదకనారంభించిరి.

ఇక టోగో సంగతి. ఆ సైబీరియా కుక్కల సంతతిలో ఒక పిల్ల బలహీనముగ పుట్టెను. దాని గొంతున వాపు. బ్రదుకునను ఆశ లేదు. సెప్పాలా భార్య కాన్‌స్టాన్స్ వేడి గుడ్డలతో కాపడము పెట్టి దానిని బ్రదికించెను. జపాను నౌకాసేనాని పేరిట దానికి టోగో యని పేరిడిరి. బ్రదికిన పిల్ల ఇంటికి పెద్ద బెడద యయ్యెను. బండి కట్టునపుడు అడ్డువచ్చును. పెద్ద కుక్కలతో కయ్యమాడును. కట్టినచో త్రాడు త్రెంపుకొనును. బండి లాగుటకు పనికిరాదని తలచి సెప్పాలా దానిని ఆఱుమాసముల ప్రాయమున ఒకరికి పెంపుడుకుక్కగా నిచ్చివేసెను. అది క్రొత్త యింటి కిటికీ అద్దమును పగులగొట్టుకొని దూకి, మైళ్ళకొలది పరుగెత్తి, గాయములతో పాత యింటికి చేరెను. ఇంత ప్రేమగల జీవమును మరల పంపుటకు సెప్పాలాకు మనసు రాలేదు.

మఱికొన్నాళ్ళకు సెప్పాలా దూరప్రయాణము పోవుచు దానిని ఇంట కట్టివేయించెను. అది విడిపించుకొని వెంటబడి వచ్చి, దారిలోని జింకలను తఱుముచు పనికి ఆటంకము కలిగించెను. వేఱుదారి లేక సెప్పాలా దానిని కూడ త్రాటికి పూన్చెను. మెడకు పట్టెడ తగిలినంతనే దాని అల్లరి అణగిపోయెను. ఎనిమిది మాసముల ఆ పిల్ల తొలిదినముననే 75 మైళ్ళు పరుగెత్తెను. సాయంకాలమునకు ముందువరుసకు చేరెను. తాను ఏండ్ల తరబడి వెదకుచున్న నాయకుడు తన యింటనే పుట్టెనని సెప్పాలా అప్పుడు తెలిసికొనెను. తరువాతి పండ్రెండేండ్లు వారిరువురును విడువలేదు.

1925వ సంవత్సరము జనవరిలో నోమ్ పట్టణమునకు గొప్ప ఆపద వచ్చెను. చిన్నపిల్లలకు డిఫ్తీరియా సోకెను. తెనుగున దీనిని కంఠసర్పి యందురు. గొంతులో పొర యేర్పడి ఊపిరి సలుపక పిల్లలు చనిపోవుదురు. ఊరికంతకు వైద్యుడొక్కడే, ఆయన పేరు కర్టిస్ వెల్చ్. ఈ వ్యాధికి విఱుగుడగు సీరము ఆయనయొద్ద నున్నది కాలము మీఱినది. క్రొత్తదానికొఱకు వ్రాసియుండెను గాని, శీతకాలపు చివరి ఓడలో అది రాలేదు. సముద్రము గడ్డకట్టెను. ఇక వేసవివఱకు ఓడ లేదు. 1918వ సంవత్సరమున వచ్చిన ఇన్‌ఫ్లుయెంజా ఆ ప్రాంతపు ఆదివాసులను అనేకులను బలిగొనియుండెను. ఆ జ్ఞాపకము వెల్చ్‌ను నిద్రపోనీయలేదు. ఆయన జనవరి 22వ తేదీన తంతిమూలమున లోకమునకు మొఱపెట్టుకొనెను.

ఆంకరేజి నగరపు ఆస్పత్రిలో 3 లక్షల యూనిట్ల సీరము దొరికెను. దానిని రైలుమీద నెనానా అను ఊరివఱకు చేర్చవచ్చును. అచటినుండి నోమ్ 674 మైళ్ళు, రైలు లేదు. విమానముమీద పంపవలెనని కొందఱనిరి. నాటి విమానములు పైకప్పులేనివి. ఆ చలిలో నడుపువాడు గడ్డకట్టిపోవును. దారి మధ్యమున విమానము కూలినచో మందును పోవును. కావున అలాస్కా గవర్నరు కుక్కలనే నమ్మెను. నెనానానుండి ఒకరి చేతినుండి యొకరు అందుకొనుచు మందు తేవలెను. నోమ్ నుండి సెప్పాలా ఎదురుపోయి దానిని దారి నడుమ అందుకొనవలెను. అతనికి నలువదియేడేండ్లు, టోగోకు పండ్రెండు. కుక్కకు పండ్రెండేండ్లనగా వార్ధక్యమే. అయినను సెప్పాలా వేఱొక నాయకుని తలచలేదు. తన ఏకపుత్రిక, ఎనిమిదేండ్ల సిగ్రిడ్, ఆ ఊరనే యుండెను. ఇరువది కుక్కలను పూన్చి అతడు బయలుదేఱెను.

అతడు పోయిన పిమ్మట వ్యాధి ఇంకను ప్రబలెను. గవర్నరు దారిలో మఱికొందఱు తోలువాండ్రను చేర్చి, మందు రాత్రింబగళ్ళు ఆగక వచ్చునట్లు ఏర్పాటు మార్చెను. ఈ మార్పు సెప్పాలాకు తెలియజేయుటకు వీలులేకపోయెను. మందు ఇంకను ఎంతో దూరముననున్నదను తలంపుతో అతడు మూడు దినములలో 170 మైళ్ళు పోయెను. నడుమ నార్టన్ జలసంధి యనబడు సముద్రపు పాయ యొకటి కలదు. గడ్డకట్టిన ఆ సముద్రముమీద అడ్డముగా పోయినచో ఒక దినపు ప్రయాణము తగ్గును. కాని గాలి త్రిప్పినచో మంచు విఱిగి, బండితోకూడ సముద్రములోనికి కొట్టుకొనిపోవును. సెప్పాలా దానిమీదనే దాటెను.

జనవరి 31వ తేదీన షాక్టూలిక్ అను ఊరి సమీపమున ఎదుట ఒక బండి కనబడెను. దాని కుక్కలు ఒక రెయిన్‌డీరును చూచి చెదరి, త్రాళ్ళు చిక్కుపడి నిలిచియుండెను. ఆగినచో ఆలస్యమగునని సెప్పాలా దానిని దాటి పోసాగెను. ఆ తోలువాడు హెన్రీ ఇవనాఫ్. వాని బండిలోనిదే ఆ మందు. మందు తనయొద్దనే కలదని వాడు గొంతెత్తి అఱచెను. గాలిహోరులో ఆ కేక వినబడకపోయిన ఏమగునో! అదృష్టవశమున వినబడెను. సెప్పాలా మందుపెట్టెను తన బండిపై కట్టుకొని, వచ్చిన దారినే మరలెను.

ప్రొద్దు క్రుంకుచుండెను. చలి ఫారన్‌హీటు సున్నకు దిగువ 30 డిగ్రీలు. ఎదురుగాలి కత్తివలె కోయుచుండెను. తీరమువెంట చుట్టి పోవుటయా, సముద్రముమీద మరల సాహసించుటయా? నోమ్‌లోని పిల్లలకు ఒక దినమనగా ఏమో అతనికి తెలియును. చీకటిలో అతడు మంచుసముద్రముపై దిగెను. అతనికి దారి కానరాలేదు. మంచు పగులు ధ్వని వినబడినను ఎచటనో తెలియదు. ఆ రాత్రి దారి చూచినది టోగోయే. తల వంచుకొని అది సూటిగా లాగుచు ఆవలి తీరమును చేరెను. అచటి గుడిసెలో సెప్పాలా కుక్కలకు మేత పెట్టి, మందును వెచ్చజేసి, కొలది గంటలు విశ్రమించెను. తెల్లవాఱక మునుపే లేచి చూడగా గాలి హెచ్చెను, మంచు విఱుగుచుండెను. తీరమును అంటిపెట్టుకొని పొమ్మని ఆదివాసి వృద్ధుడొకడు హెచ్చరించెను. అట్లే పోయి, నీరు పైకి చిమ్ముచున్న పగుళ్ళప్రక్కగా తప్పించుకొనుచు, అటుపిమ్మట ఏటవాలు కొండలనెక్కి దిగి, ఫిబ్రవరి 1వ తేదీన గొలోవిన్ అను ఊరు చేరెను. అచట చార్లీ ఓల్సన్ అను వానికి మందప్పగించెను. కుక్కలు నిలిచినచోటనే కూలబడినవి.

ఓల్సన్ నుండి గన్నర్ కాసెన్ దానిని అందుకొనెను. కాసెన్ సెప్పాలా పనిచేయు కంపెనీవాడే; అతని బండికి ముందు నడచినది బాల్టో. అదియు సెప్పాలా పెంచిన కుక్కయే. సెప్పాలా దానిని సామాను లాగుటకే తగునని తలచి వెంట తీసికొనిపోలేదు. కాసెన్ పడిన శ్రమయు తక్కువది కాదు. గాలికి బండి తలక్రిందుకాగా మందుపెట్టె మంచులో పడిపోయెను. వట్టిచేతులతో తడవి దానిని వెదకి తీసెను. ఫిబ్రవరి 2వ తేదీ ఉదయము అయిదున్నర గంటలకు అతడు నోమ్ చేరెను. 20 మంది తోలువాండ్రు, సుమారు అయిదున్నర దినములు, 674 మైళ్ళు. వారిలో పెక్కురు ఆ నేలకే చెందిన ఆదివాసులు. వారి పేర్లను నాటి పత్రికలు అంతగా పట్టించుకొనలేదు. మందు గడ్డకట్టినను చెడలేదు. ఊరు బ్రదికెను.

మందు తెచ్చి ఊరిలో దిగినవాని చిత్రమే లోకమంతట వ్యాపించెను. బాల్టో పేరు ఇంటింట మ్రోగెను. ఆ సంవత్సరము డిసెంబరులోనే న్యూయార్కు నగరపు సెంట్రల్ పార్కులో దానికి కంచువిగ్రహము నిలిపిరి. మిగిలిన బండ్లలో ఒక్కొక్కటి సగటున లాగినది సుమారు 30 మైళ్ళు; కాసెన్ బండి 53 మైళ్ళు; సెప్పాలా బండి మందుతో 91 మైళ్ళు, ఎదురుపోయినదానితో కలిపి 261 మైళ్ళు. దారిలోకెల్ల భయంకరమైన భాగము అదియే. తనకు కీర్తి రాలేదని సెప్పాలా చింతింపలేదు. కాసెన్‌నుగాని బాల్టోనుగాని అతడు ద్వేషింపలేదు. కాని టోగో పూర్వము చేసిన కార్యములను సయితము పత్రికలవారు బాల్టోకు అంటగట్టిరి. అది అతనికి సహింపరానిదయ్యెను. నోరులేని జీవము తనకు జరిగిన అన్యాయమును చెప్పుకొనలేదు గదా. ఆ లోపమును తానే తీర్పవలెనని అతడు నిశ్చయించెను.

1926వ సంవత్సరమున అతడు టోగోను, మఱికొన్ని కుక్కలను వెంటబెట్టుకొని అమెరికా నగరములు తిరిగెను. న్యూయార్కులో వేలాది జనుల యెదుట టోగో మెడలో బంగారు పతకము వేసినవాడు అమండ్సెన్. ఏ మహాయాత్రికునికొఱకు ఆ సైబీరియా కుక్కలను తెప్పించిరో, ఆతడే! పిమ్మట ఈశాన్యరాష్ట్రమగు మెయిన్‌లో సెప్పాలా పందెములు గెలిచి, ఆ కుక్కలను పెంచు శాల నొకదానిని నెలకొల్పెను. టోగోకు కాళ్ళు పట్టివేయుచుండెను, చూపు మందగించెను. మరల అలాస్కా చలికి అది ఓర్వదని తెలిసి, దానిని ఆ శాలలోనే సుఖముగ నుంచి, తాను ఒంటరిగా మరలవలసివచ్చెను. సెప్పాలా జీవితమున అంతటి కష్టమైన ప్రయాణము లేదు. 1929వ సంవత్సరము డిసెంబరు 5వ తేదీన, బాధ హెచ్చుటచే, టోగోను మందిచ్చి శాశ్వతనిద్ర పుచ్చిరి. దానికి పదునాఱేండ్లు.

1930వ సంవత్సరమున సైబీరియన్ హస్కీ యను పేరిట ఆ జాతిని అమెరికాలోని కుక్కల సంఘము గుర్తించెను. నేడు లోకమున నున్న ఆ జాతి కుక్కలలో అనేకము సెప్పాలా పెంచినవాని సంతతియే. 1932వ సంవత్సరమున లేక్ ప్లాసిడ్ నగరపు శీతకాల ఒలింపిక్ క్రీడలలో కుక్కల బండ్ల పందెమును ప్రదర్శనగా జరిపినపుడు ఏబదినాలుగేండ్ల సెప్పాలా రెండవ స్థానము పొందెను. 1947వ సంవత్సరమున అతడు సియాటిల్ నగరమునకు పోయి, అచట 1967వ సంవత్సరము జనవరి 28వ తేదీన, ఎనుబదితొమ్మిదవ ఏట మరణించెను. అతని చితాభస్మమును అలాస్కాలో కుక్కల బండ్లు పోవు దారివెంట చల్లిరి. ఆ దారిపేరనే 1973వ సంవత్సరమునుండి ఇడిటరాడ్ అను పెద్ద పందెము జరుగుచున్నది. అందు గెలిచినవానికి గాక, తన కుక్కలను మిక్కిలి శ్రద్ధతో చూచుకొన్నవానికి ఇచ్చు బహుమానము సెప్పాలా పేరిట నున్నది.

బాల్టో విగ్రహము సెంట్రల్ పార్కులో నేటికిని కలదు. పిల్లలు దానిపైకెక్కి ఆడుకొందురు. 2001వ సంవత్సరమున అదే న్యూయార్కు నగరమున సీవార్డ్ పార్కు అను చిన్న ఉద్యానమున టోగోకును ఒక విగ్రహము నిలిపిరి.